కాలవ గట్టు లాడ్జీ పక్కన మందు కొట్టు - ఎవర్నడిగి?

(కోనసీమలో ఒక దళితపేటలో, అంబేడ్కర్ విగ్రహం అరుగు దగ్గర రాత్రిపూట జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే వేస్తున్నాం. అక్కడక్కడ కుదించాం.)

అమ్మలకు, అక్కలకు, ఊడ్పుల నుంచి వచ్చి కాళ్లయినా కడుక్కోకుండా ఇక్కడ కూర్చున్న చెల్లెళ్లకు, వెనకాల కొబ్బరిచెట్టు కింద చీకట్లో నిలబడ్డ తమ్ముళ్లకు జై భీమ్. చీకట్లో ఉన్నవాళ్లు ముందుకు రండి. మీ గురించి మాట్లాడతాం గాని మిమ్మల్ని తిట్టడానికి రాలేదు.

మేం బడిపంతుళ్లం. సర్కారు జీతం తింటూ సర్కారు ఇచ్చే లైసెన్సు గురించి సభల్లో మాట్లాడొచ్చా అని నిన్న సాయంత్రం ఒక పెద్దమనిషి అడిగాడు. ఏమోనండీ, మాకూ తెలీదు. కాని ఆ కొట్టు వస్తుందంటున్నది మా బడికి పిల్లలొచ్చే దారిలో. అయిదో తరగతి పిల్ల ఆ కొట్టు ముందు నుంచి నడిచి మా దగ్గరకు రావాలి. ఆ పిల్ల గురించి మాట్లాడకపోతే మేం తినే జీతం దేనికి?

సంగతి మీకందరికీ తెలుసు, అయినా వరసలో పెట్టుకుందాం. కాలవ గట్టు మీద, మన పేటకూ బడికీ మధ్య, ఎనిమిది గదుల లాడ్జీ లేచింది. గోదారి చూడ్డానికి, పడవెక్కడానికి, పులసో రొయ్యో తిని పోవడానికి హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి వచ్చేవాళ్లు దిగుతారు. దిగనివ్వండి. గోదారి ఎవడబ్బ సొత్తూ కాదు. లాడ్జీ మీద మనకు పగ లేదు. దాన్ని కట్టింది మనవాళ్లే, ఇటుక మోసింది మన ఆడవాళ్లే. ఇప్పుడు దాని పక్కనున్న రెండు షట్టర్లలోకి మందు కొట్టు వస్తుందంట. కొట్టు వెనకాల కూర్చుని తాగే పర్మిట్ రూము వస్తుందంట. ఆ రూముకూ లాడ్జీకీ మధ్య గోడలో ఒక తలుపు పెడతారంట. తలుపు మాట మనకు చెప్పింది మనూరి తాపీమేస్త్రీయే.

ఆ తలుపు ఎందుకో అర్థం కావాలంటే లైసెన్సుల సంగతి కొంచెం తెలియాలి. ఎక్సైజు ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకు తెలిసింది మనకు తెలియకపోతే వాడేది చెబితే అదే చట్టం.

మన రాష్ట్రంలో మందమ్మే దారులు మూడు రకాలనుకోండి. ఒకటి కొట్టు. ఏ-4 కొట్టంటారు. సీల్ తీయని సీసా అమ్ముతుంది. రెండోది బారు. 2బి అంటారు. అక్కడ తిండి ఉండాలి, కుర్చీ బల్లా ఉండాలి, ముఖ్యంగా అది పట్టణాల వ్యవహారం. 2025 సెప్టెంబరు నుంచి మూడేళ్లకు కొత్త బార్ల పాలసీ తెచ్చారు. యాభైవేల లోపు జనాభా ఉన్న పట్టణంలోనే ఏడాదికి 35 లక్షలు కట్టాలి. అంతకంటే పెద్ద ఊళ్లకు 55 లక్షలు, 75 లక్షలు. మూడోది నక్షత్రాల హోటలు. మూడు నక్షత్రాలు, ఆపై ఉన్న హోటళ్లకు బారు ఖర్చు 66 లక్షల నుంచి 25 లక్షలకు అదే ఏడాది తగ్గించారు. పర్యాటకం పెరగాలని. అంటే ఉన్నోడికి తగ్గింపు.

మరి ఎనిమిది గదుల లాడ్జీవాడి సంగతేంటి? వాడికి నక్షత్రాలు లేవు. పట్టణంలో లేడు. 35 లక్షలు పోసి బారు పెట్టలేడు, పెట్టినా పల్లెలో ఇవ్వరు. కాబట్టి చట్టం ప్రకారం వాడి గదిలో మందు పొయ్యకూడదు. కాని పొద్దున్నే ఆ గదులూడ్చే మన చెల్లెలు సంచినిండా ఖాళీ సీసాలు మోసుకొస్తుంది. చట్టం గుమ్మం బయట ఉంది, సీసా లోపల ఉంది.

ఆ గుమ్మం దాటించడానికే ఈ తలుపు. 2012లో కొట్లకు పర్మిట్ రూములు ఇచ్చారు. 2019 అక్టోబరులో కొట్లన్నీ ప్రభుత్వమే నడిపినప్పుడు అవి పోయాయి. 2024 అక్టోబరు 16 నుంచి కొట్లు మళ్లీ ప్రైవేటు వాళ్లకెళ్లాయి. 2025లో పర్మిట్ రూములు తిరిగొచ్చాయి. చిన్న కొట్టుకు అయిదు లక్షలు, పెద్ద కొట్టుకు ఏడున్నర లక్షలు కడితే చాలు. కొట్టు లైసెన్సు ఒక మండలానికనో ఒక పట్టణానికనో వస్తుంది. ఆ హద్దులో ఎక్కడ పెట్టాలో చూసుకునేది లైసెన్సుదారుడే. అతను వచ్చి లాడ్జీ షట్టరు అద్దెకు తీసుకుంటాడు. లాడ్జీకి లైసెన్సు రాలేదు, వచ్చింది కొట్టుకు. తాగేది కొట్టు వెనక రూములో. తలుపు తీస్తే ఆ రూము లాడ్జీలో ఉంది. కాగితం మీద తప్పెక్కడుందో చూపించండి చూద్దాం! ముప్ఫై అయిదు లక్షల పని అయిదు లక్షలతో అయిపోయింది.

ఈ కొట్ల కోసం 2024లో ఎన్ని దరఖాస్తులు పడ్డాయో విన్నారా? రాష్ట్రం మొత్తం కొట్లు 3,396. దరఖాస్తులు దాదాపు 90 వేలు. ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షలు, చీటీ తగిలినా తగలకపోయినా తిరిగిరావు. ఒక్క సీసా అమ్మకముందే సర్కారుకు దాదాపు 1,800 కోట్లు. రెండు లక్షలు పోతే పోయాయిలే అనుకునేవాళ్లు ఎవరండీ? ఊడ్పుల్లో వంగిన నడుములు కాదుకదా. కొబ్బరితోటలవాళ్లు, చేపలచెరువులవాళ్లు, రైసుమిల్లులవాళ్లు. భూమి ఎవరిదో చీటీ కూడా వాళ్లదే.

ఇది కొత్త కథ కాదు. తెల్లదొర 1886లో మద్రాసు అబ్కారీ చట్టం చేసినప్పుడు కూడా అంతే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నీళ్లిచ్చాడని మనోళ్లు కూడా విగ్రహానికి దండ వేస్తారు, వెయ్యనివ్వండి. ఆ నీళ్లతో పండిన పంటకు కూలీ మనం, ఆ కూలి డబ్బు తిరిగి గుంజుకునేది సారా పాట పాడుకున్నవాడు. మా చిన్నప్పుడు మా నాయన ఒక సారా కాంట్రాక్టరు కొట్టుకు కాపలా ఉండేవాడు. జీతం డబ్బుల్లో ఉండేది కాదు, సగం పాకెట్లలో ఉండేది. కోతల రోజుల్లో ఆసామి కూలి పంచేది చేలో కాదు, సరిగ్గా ఆ కొట్టు అరుగు మీద. మా అమ్మ ఆ అరుగు కింద నిలబడి చెయ్యి చాపేది. నాయన చేతిలో పడకముందే అందుకోవాలని. ఒక్కోరోజు అందేది, ఒక్కోరోజు అందేది కాదు. అందని రోజున మేం చింతపండు నీళ్లు కలుపుకుని గంజి తాగి బడికెళ్లేవాళ్లం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు లేచారు. రోసమ్మ పేరు మీరంతా వినే ఉంటారు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ మంట మన గోదారి జిల్లాలకూ వచ్చింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధించారు. అప్పుడు మాకు పన్నెండేళ్లు. నాయన ఉద్యోగం పోయింది. ఇంట్లో ఏడుపూ నవ్వూ ఒకేరోజు విన్నాం. 1995 జనవరిలో ఎన్టీ రామారావు మొత్తం మద్యమే నిషేధించారు. 1997 ఏప్రిల్లో చంద్రబాబు నాయుడు ఎత్తేశారు.

ఆ రెండేళ్లు మనం యానాం చూశాం. గౌతమి ఒడ్డున ముప్ఫై చదరపు కిలోమీటర్ల ముక్క, ఫ్రెంచివాడు పాలించిన ఊరు, పుదుచ్చేరి కిందిది. మన గట్టున నిషేధం, ఆ గట్టున బార్లు. అప్పటికి బాలయోగి వారధి లేదు. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కాలి. సాయంత్రం పంటు నిండా తెల్లచొక్కాలు, రాత్రి పంటు నిండా తూలే చొక్కాలు. మోటారుసైకిళ్లున్నవాళ్లు అక్కడే లాడ్జీల్లో పడుకుని పొద్దున్నే ముఖం కడుక్కుని వచ్చి ఊళ్లో పంచాయితీ చెప్పేవాళ్లు. పేటలో మనవాడు నాటుసారా తాగి దొరికితే చెట్టుకు కట్టేవాళ్లు. నిషేధం కూడా రెండు గ్లాసుల పద్ధతిలోనే నడిచింది. డబ్బున్నోడికి నది దాటే దారి ఉంది. లేనోడికి స్టేషనుంది.

ఇక్కడ మా మాట కొందరికి నచ్చకపోవచ్చు. మేం మద్యనిషేధం అడగడం లేదు. పిల్లలు "బాబాసాహెబ్ ఏమన్నారు మాస్టారూ" అని అడుగుతుంటారు. దాచకుండా చెప్పాలి. 1951లో ఆయన షెడ్యూల్డు కులాల ఫెడరేషను ఎన్నికల ప్రణాళికలో మద్యనిషేధాన్ని గట్టిగా వ్యతిరేకించింది. ఖజానాకు రాబడి పోతుంది, ఆ డబ్బు చదువుకూ వైద్యానికీ అందకుండా పోతుంది, ఇంటింటా దొంగసారా కుటీర పరిశ్రమ అవుతుంది అన్నది ఆ వాదన. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది కూడా ఈ నిషేధం తగాదాలోనే. కాబట్టి నిషేధం అనగానే అది పేదవాడి పక్షం, లైసెన్సు అనగానే పెద్దోడి పక్షం అని మేం గీత గీయడం లేదు. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరసగా మనుషులు చచ్చిపోయారు. నాటుసారా అని చచ్చిపోయినవాళ్ల ఇళ్లవాళ్లు, ప్రతిపక్షం అన్నారు. సహజ మరణాలని అప్పటి ప్రభుత్వం అంది. ఎవరు ఏమన్నా, పాడె లేచింది పేదోళ్ల ఇళ్లలో. కొట్టు మూస్తే మనిషి మారిపోతాడని మేం చెప్పం.

మరి ఏం అడుగుతున్నాం? ఆ కొట్టు ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు మనల్ని అడిగారా అని అడుగుతున్నాం. అంతే.

బాబాసాహెబుకూ లాడ్జీకీ కూడా ఒక కథ ఉంది. 1917లో అమెరికా, లండన్ చదువులు చదివి బరోడా ఉద్యోగానికొస్తే ఊళ్లో ఒక్క హోటలూ గది ఇవ్వలేదు. ఒక పార్సీ సత్రంలో పేరు మార్చుకుని దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని మనుషులొచ్చి బయటికి గెంటారు. అది తలచుకుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయని ఆయనే రాసుకున్నారు. మేం ఉద్యోగం పరీక్ష రాయడానికి రాజమండ్రి వెళ్లినప్పుడు ఒక లాడ్జీలో పుస్తకం తీసి పేరు రాయమన్నారు. రాశాం. ఇంటిపేరు చూసి ఏ ఊరన్నారు. చెప్పాం. ఊళ్లో ఎటువైపన్నారు. అంతదాకా ఖాళీగా ఉన్న గదులు ఆ ఒక్క ప్రశ్నతో నిండిపోయాయి. ఆ రాత్రి గోదావరి స్టేషను ప్లాటుఫారం మీద పడుకుని పొద్దున్న పరీక్ష రాశాం. రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్లు, దుకాణాలు అందరికీ అని 1950లోనే చెప్పింది. మేం పడుకున్నది అది వచ్చిన యాభై ఏళ్ల తర్వాత.

అందుకని మాకు లాడ్జీ అంటే ఒక చూపుంది. మన మనిషి లాడ్జీలోకి మూడు విధాల వెళ్తాడు. ఇటుక మోస్తూ వెళ్తాడు. చీపురు పట్టుకుని వెళ్తాడు. సీసా తెచ్చి ఇవ్వడానికి వెళ్తాడు. గది తాళం తీసుకుని వెళ్లేది మాత్రం తక్కువ.

మూడోదాని గురించి చెప్తాం. ఇది ఈ ఊరిది కాదు, కొంచెం అవతల జరిగింది. మా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడు, లెక్కల్లో చురుకు. తండ్రి కొబ్బరిదింపుకెక్కి పడి నడుం పోయింది. కుర్రాడు చదువు మానేసి ఒక లాడ్జీలో రూంబాయిగా చేరాడు. అతిథులు మందడుగుతారు. లాడ్జీకి లైసెన్సు లేదు. యజమాని "మేం అమ్మమండీ, మా కుర్రోడు తెచ్చిపెడతాడు" అనేవాడు. సీసాకు ఇరవయ్యో ముప్ఫయ్యో కుర్రాడికి, అంతకు నాలుగింతలు గల్లాపెట్టెకు. ఒక రాత్రి పెళ్లి బృందం దిగింది. కుర్రాడు బండి మీద ఏడు సీసాలు తెస్తున్నాడు. ఒక మనిషి దగ్గర ఉండాల్సింది మూడు. దారిలో ఎక్సైజోళ్లు ఆపారు. కేసు కుర్రాడి మీద, బండి స్వాధీనం. మేం యజమాని దగ్గరకెళ్తే ఏమన్నాడో తెలుసా? "వాడెవడో మాకు తెలీదు మాస్టారూ, ఇక్కడ పనిచేస్తున్నట్టు కాగితం ఏదన్నా ఉందా?" లేదు. మూడేళ్లు పనిచేసిన చోట మనవాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఎక్సైజోళ్ల పుస్తకంలోనే ఉంది. ఇప్పటికీ వాయిదాకు తిరుగుతున్నాడు. వాయిదా రోజున కూలి పోతుంది.

కొందరు తెలివైనవాళ్లంటారు - ఇదంతా లైసెన్సు లేకపోబట్టే కదా, చిన్న లాడ్జీలక్కూడా చవగ్గా లైసెన్సిచ్చేస్తే కుర్రాడు దొంగలా తేవాల్సిన పని ఉండదు కదా అని. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఇంగ్లండులో 1830లో అదే చేశారు. రెండు గినీలు కడితే ఎవరైనా సొంతింట్లో బీరు కాచి అమ్ముకోవచ్చన్నారు. జిన్ను తాగడం తగ్గుతుందని, పెద్ద కంపెనీల పెత్తనం పోతుందని. ఏడాది తిరక్కుండా ఇరవైవేలకు పైగా బీరిళ్లు లేచాయి. చివరకు 1869లో వాటిని మళ్లీ మేజిస్ట్రేట్ల అనుమతి కిందకు తెచ్చుకున్నారు. కేరళలో 2014లో పూర్తిగా తిరగేశారు, అయిదు నక్షత్రాల హోటళ్లకే బారన్నారు. 2017లో మూడు నక్షత్రాల దాకా మళ్లీ తెరిచారు. అటు తిప్పినా ఇటు తిప్పినా చిన్న గదిలో పనిచేసే మనిషికి ఏమైందని ఎవరూ లెక్క రాయలేదు. మా అభిప్రాయం ఏంటంటే, చవక లైసెన్సు ఇస్తే ఆ కుర్రాడి మీద ఆ కేసు ఉండకపోవచ్చు. కాని ఆ కుర్రాడు అర్ధరాత్రి దాకా మందు పోస్తూనే ఉంటాడు, పుస్తకంలో పేరు లేకుండానే. లైసెన్సు యజమానిని కాపాడుతుంది. పనివాణ్ని కాపాడాలంటే వేరే కాగితం కావాలి. పేరు రాసిన హాజరు పట్టీ కావాలి, చేతికి జీతం రసీదు కావాలి. లైసెన్సు అడిగేవాడు అవి ముందు చూపించాలి.

ఇందాక సభ మొదలవకముందు మన పెద్దమ్మ ఒకావిడ మమ్మల్ని పక్కకు పిలిచి అంది: "ఓరి బాబూ, మా ఆయన తాగడం మానడు. కొట్టు దూరంగా ఉంటే సైకిలు మీద ఆరు మైళ్లెళ్లి తాగి, కాలవలో పడతాడేమోనని నేను దీపం పెట్టుకుని కూర్చోవాలి. దగ్గర్లో ఉంటే పడితే ఇంటి ముందే పడతాడు కదా." నవ్వకండి. ఆవిడ చెప్పింది నిజం. కాలవల్లో ఎంతమంది పోయారో ఈ డెల్టాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. మేం ఆవిడకు జవాబు చెప్పలేకపోయాం. ఒక్క మాటే అన్నాం - పెద్దమ్మా, దగ్గర్లో ఉంటే ఆయనొక్కడే కాదు, నీ మనవడు కూడా ఉంటాడు. ఆవిడ కాసేపు ఆలోచించి "అదీ నిజమే, కాని నీ మాట నా భయం తీర్చలేదు" అంది. తీర్చలేదు. అది ఒప్పుకునే మాట్లాడుతున్నాం.

ఇంకో ముఖ్యమైన విషయం. మన పేటలో డిగ్రీ చదివిన ఇద్దరు కుర్రాళ్ల దగ్గరకు మనుషులొచ్చారని విన్నాం. "మీ పేరు మీద దరఖాస్తు వేద్దాం, డబ్బు మాది, నెలకింత ఇస్తాం" అని. తమ్ముళ్లూ, జాగ్రత్తగా వినండి. తెలంగాణలో 2021లో మందు కొట్లలో గౌడలకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం కేటాయించారు. మన రాష్ట్రంలో 2024 పాలసీలో గీత కులాలకు 10 శాతం ఇచ్చారు. గీతవాళ్లకివ్వడం న్యాయమే అంటాం మేం. తాటిచెట్టు వాళ్ల బతుకు, సీసా వచ్చి ఆ బతుకును మింగింది. మనకూ వాటా కావాలని రేపు అడగాలా వద్దా అనేది మన సంఘాల్లో తెగని చర్చ. వాటా ఎందుకొద్దు, భూమిలో లేదు, మిల్లులో లేదు, ఇందులో అయినా ఉండొద్దా అనేవాళ్లూ మనవాళ్లే. ఆ చర్చ తర్వాత చేసుకుందాం. కాని పేరు మనది, పెట్టుబడి వాళ్లదీ అయితే అది వాటా కాదు. ఏడాదికి యాభై లక్షల పైన లైసెన్సు ఫీజు. ఒక వాయిదా కట్టకపోతే నోటీసు ఎవరి ఇంటికొస్తుంది? కల్తీ దొరికితే ఎవరిని పట్టుకెళ్తారు? లైసెన్సు మీద ఎవరి ఫొటో ఉంటే వాణ్ని. వెనకటికి పాలేరు పేరు మీద భూములు రాసి సీలింగు తప్పించుకున్నారు ఈ ఆసాములు. ఆ పాలేరుకు సెంటు దక్కిందా? అడగండి మీ తాతల్ని.

ఇక అసలు పని. మనం అవతల గోదారి ఎగువకు వెళ్దాం. పాపికొండల వైపు ఏజెన్సీ ఊళ్లలో 1996లో వచ్చిన పీసా చట్టం ఉంది. మందు అమ్మకాన్ని ఆపడానికి, అదుపు చెయ్యడానికి గ్రామసభకు అధికారం ఉండాలని అందులో రాశారు. అక్కడ కూడా దాన్ని తొక్కిపెట్టేవాళ్లున్నారు, అది వేరే. కాని చట్టంలో మాట ఉంది. ఇక్కడ మైదానంలో మన గ్రామసభకు ఆ మాట లేదు. రాజ్యాంగం 47వ అధికరణం మత్తుపానీయాలను నిషేధించే ప్రయత్నం చెయ్యమని రాజ్యానికి చెప్పింది. 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు మందు వ్యాపారం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. అంటే అమ్మేవాడికి హక్కు లేదు, సర్కారు ఇచ్చే అనుమతే ఉంది. ఆ అనుమతి ఇచ్చేటప్పుడు పక్కనుండే మనిషిని అడిగితే వచ్చే నష్టం ఏంటి? జిల్లాకు అంబేడ్కర్ పేరు 2022లో వచ్చింది. దాని కోసం ఎంత మంట చూశామో మనకు తెలుసు. ఆ పేరున్న జిల్లాలో పేట మాట వినమని అడగడం పెద్ద కోరిక కాదు.

అది పెద్ద పోరాటం, అందాకా చేతిలో ఉన్న పని చేద్దాం. కొట్ల నిబంధనల్లో గుడికి, బడికి, ఆసుపత్రికి వంద మీటర్ల లోపు కొట్టు ఉండకూడదని ఉంది. ఆ వంద మీటర్లు గాల్లో తాడు పట్టి కొలిచేవి కాదు, గుమ్మం నుంచి గుమ్మానికి మనిషి నడిచే దారిలో కొలుస్తారు. కాబట్టి గుమ్మం వెనక్కి తిప్పితే దూరం పెరుగుతుంది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు హైవేలకు అయిదువందల మీటర్ల లోపు మందమ్మకూడదంటే, కేరళలో ఒక బారాయన గేటు ముందు చిక్కుదారిలాగా గోడలు కట్టి, మనుషుల్ని అటూ ఇటూ తిప్పి దూరం లెక్క సరిచేశాడు. మనోళ్లు అంత కష్టపడరు, కాగితం మీదే తిప్పేస్తారు. మన షట్టర్ల గుమ్మం కాలవ వైపుంది. నిన్న రోడ్డు వైపు కొత్తగా గోడ పగలగొడుతున్నారు. ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

ఇంకోటి. ఏది గుడి, ఏది బడి అన్నది కూడా కాగితం చూసి తేలుస్తారు. ఊళ్లో రిజిస్టరైన గుడికి కాగితం ఉంటుంది. మన పేట చివర రేకులషెడ్డు ప్రార్థన మందిరానికి ఏం కాగితం ఉంది? పాస్టరుగారు ఇక్కడే ఉన్నారు, రేపు చూసి చెప్పాలి. మన అంగన్‌వాడీ అద్దె గదిలో నడుస్తుంది. దాని ఆర్డరు కాపీ టీచరమ్మ దగ్గరుంది, అది తీసుకోవాలి. మా బడికి గుర్తింపు కాగితం మేం తెస్తాం.

అర్జీ రాశాం. ఒకటి కలెక్టరుకు, ఒకటి జిల్లా ఎక్సైజు అధికారికి, ఒకటి పంచాయితీకి. సమాచార హక్కు కింద ఇంకో కాగితం - ఈ మండలంలో కొట్టుకు పెట్టిన స్థలం ప్లానేది, దూరం ఎవరు కొలిచారు, ఏ తేదీన కొలిచారు. అందులో "మూసేయండి" అని రాయలేదు. బడిదారిలో, పేట గుమ్మంలో వద్దు, లాడ్జీకి తలుపు పెట్టొద్దు, లాడ్జీలో పనిచేసేవాళ్ల పేర్లు పుస్తకంలో ఎక్కించాలి అని రాశాం. సంతకం పెట్టేముందు చదివించుకోండి. వేలిముద్ర వేసేవాళ్లకు మా ఎనిమిదో తరగతి పిల్లలు చదివి వినిపిస్తారు. ఆడవాళ్లు ముందు పెట్టండి. లాడ్జీలో ఊడ్చే ముగ్గురు చెల్లెళ్లు మాత్రం పెట్టొద్దు, వాళ్ల పని పోతుంది. వాళ్ల తరపున మనం పెడదాం.

కొలత మనమే ముందు కొలుచుకోవాలి. వాళ్లు కొలిచాక మనం తప్పనడం కంటే మన లెక్క మన దగ్గరుండాలి. రేపు ఆదివారం. పొద్దున్న ఏడింటికి బడి గేటు దగ్గరకు రండి. ఇద్దరు టేపు పట్టాలి, ఒకరు రాయాలి, ఒకరు ఫొటో తియ్యాలి. గోడ పగలగొట్టిన గుమ్మం నుంచీ కొలుద్దాం, పాత గుమ్మం నుంచీ కొలుద్దాం. యాభై మీటర్ల టేపు బళ్లో ఆటలపెట్టెలో ఉంది. తాళంచెవి మా దగ్గరే ఉంది.